కర్నల్ విలియం లాంబ్టన్

మన తరగతి గోడమీద వ్రేలాడు భారతదేశ పటమును విద్యార్థులు దినమునకు పదిమార్లైనను చూచుచుందురు. దాని క్రింది మూలను చిన్నగీత యొకటియు, దాని ప్రక్కన స్కేలును దెలుపు అంకెయు నుండును. పరీక్షనాడు తప్ప దానివంక చూచువారు మిక్కిలి అరుదు. ఆ చిన్నగీత నమ్మదగినదగుటకై యిరువది యేండ్లకు పైగా ఎండలోను, వానలోను, జ్వరములోను పాటుపడి, తుదకు దారిలోనే కన్నుమూసిన యొక మనుష్యుని కథను ఈ సంచికయందు మా చదువరులకు వినిపింపఁ దలఁచితిమి.

విలియం లాంబ్టన్ పదునెనిమిదవ శతాబ్దపు నడిమికాలమున, ఇంగ్లాండులోని యార్క్‌షైరు మండలమున, నార్త్‌అలర్టన్ పట్టణమునకు సమీపముననున్న క్రాస్బీ గ్రేంజ్ అను చోట జన్మించెను. తలిదండ్రులు కలిగినవారు కారు. ఆ పట్టణపు గ్రామర్ పాఠశాలలో చదువుచు గణితమందు అతఁడు చూపిన తెలివియే అతని ఆస్తి. 1781లో సైన్యమున చిన్నయుద్యోగిగాఁ జేరి అమెరికాకుఁ బోయెను. అచ్చటి యుద్ధమునఁ బట్టుబడి కొంతకాలము ఖైదీగా నుండెను. పిమ్మట కెనడా దేశపు న్యూబ్రన్స్‌విక్ ప్రాంతమున సరిహద్దు కొలతపనులలోను, సైనికుల బస యిండ్ల విచారణలోను చాలయేండ్లు గడపెను. పదోన్నతి లేదు, పెద్దల పరిచయము లేదు, పట్టణపు వేడుకలు లేవు. ఆ చలిదేశమున ఆయనకుఁ దోడుండినవి గణిత ఖగోళ గ్రంథములే. అచ్చటనే సూర్యగ్రహణమును మసిపూసిన అద్దము లేకుండఁ జూచుటవలన ఒక కంటిచూపు చెడెనని చెప్పుదురు. గ్రహణ దినములలో మేము ప్రతియేడును పిల్లలకుఁ జెప్పు మాటకు ఇంతకంటె మంచి సాక్ష్యము మాకు దొరకలేదు. తరువాత లోకములోని గొప్ప దూరదర్శిని యంత్రములలో నొకదానిగుండ జీవితమంతయుఁ జూచినవాఁడు ఒంటికన్నుతోనే చూచెనన్న మాట.

నలువది యేండ్లు దాటిన తరువాత ఆయన తన పటాలముతోఁ గూడ హిందూదేశమునకు వచ్చెను. ఆ పటాలమునకు అధిపతి ఆర్థర్ వెల్లెస్లీ, అనఁగా తరువాతికాలపు వెల్లింగ్టన్ ప్రభువు. 1799లో టిప్పుసుల్తానుతో జరిగిన యుద్ధమున లాంబ్టన్ జనరల్ బెయిర్డునకు సహాయోద్యోగిగా నుండెను. ఒకరాత్రి బెయిర్డు దళము చీఁకటిలో ఉత్తరముగా తమ శిబిరమునకు మరలుచున్నామని తలఁచి నడచుచుండెను. లాంబ్టన్ తలయెత్తి నక్షత్రములను జూచి, దళము దక్షిణముగా, అనఁగా శత్రుసేనవైపునకే పోవుచున్నదని గ్రహించి చెప్పెను. సేనాపతి మొదట నమ్మలేదు. దిక్సూచిని వెలుతురులోఁ జూచిన పిమ్మటఁగాని దళము వెనుకకుఁ దిరుగలేదు. పుస్తకములలోని చుక్కలు ఆ రాత్రి ఎన్ని ప్రాణములు గాచెనో లెక్కపెట్టినవారు లేరు.

శ్రీరంగపట్టణము పడిన పిమ్మట కొత్తగా చేతికివచ్చిన దేశమును కొలువవలసిన పని వచ్చెను. అంతకుముందు పటములు వ్రాసినవారు దారులవెంట చక్రములు దొర్లించియు, దినప్రయాణములు లెక్కించియు దూరములను నిర్ణయించుచుండిరి. దారి వంకరగా నుండును. కొండ యెక్కి దిగవలసియుండును. తప్పు తప్పుతోఁ గూడి పెరుగును. లాంబ్టన్ వేఱొక త్రోవ చూపెను. తూర్పు సముద్రమునుండి పడమటి సముద్రమువఱకు దేశముమీఁద త్రిభుజముల వల పన్ని, ఒక్క భుజమును మాత్రము నేలమీఁదఁ గొలిచి, తక్కినవన్నియు లెక్కచేత తెలిసికొందమనెను. వెల్లెస్లీ సహాయమును, మదరాసు గవర్నరగు క్లైవు ప్రభువు ఆమోదమును లభించి 1800లో పని యారంభమయ్యెను. ధనమును లెక్కించు పెద్దలలో ఒకరు మాత్రము, శ్రీరంగపట్టణమునకుఁ బోఁదలఁచినవాఁడు తన పల్లకి బోయీలకుఁ జెప్పిన చాలును, వారే దారి కనుగొందురు, ఇంత వ్యయమెందుకని యెగతాళి చేసిరట. అట్టి పెద్దలు అన్నికాలములందును నుందురు.

ఇచ్చట కథను కొంచెము ఆపి లెక్కలోనికిఁ బోవుదము. లాంబ్టన్ పనియంతయు మన పెద్దలు త్రైరాశికమని పిలిచిన సూత్రముమీఁదనే నిలిచియున్నది. పావులూరి మల్లన గణితమును తెనుఁగునఁ జెప్పిన పదునొకండవ శతాబ్దమునుండియు ఇది మన భాషలోనున్నదే. ప్రమాణము, ఫలము, ఇచ్ఛ యను మూఁడు రాశులు తెలిసినయెడల, ఇచ్ఛను ఫలముచే గుణించి ప్రమాణముచే భాగించిన నాలుగవ రాశి వచ్చును. పటములోని స్కేలు ప్రమాణమును ఫలమును ఇచ్చుచున్నది. మన గీఁతబద్ద ఇచ్ఛను ఇచ్చుచున్నది. నేఁడు భారత సర్వేశాఖవారి పటములలో సాధారణమైన స్కేలు యాఁబదివేలకు ఒకటి. పటముమీఁద రెండూళ్ల నడుమ 7 సెంటీమీటర్లున్నచో, నేలమీఁద 3,50,000 సెంటీమీటర్లు, అనఁగా మూఁడున్నర కిలోమీటర్లు. మా విద్యార్థులలో గుణకారము తప్పువారు తక్కువ. సెంటీమీటర్లను కిలోమీటర్లుగా మార్చునప్పుడు సున్నలు పోఁగొట్టుకొనువారే యెక్కువ. రెండు ప్రక్కలను ఒకే కొలమానమునకుఁ దెచ్చిన పిమ్మటనే త్రైరాశికము కట్టవలెనని మేమెన్నిమార్లు చెప్పినను ప్రతియేఁటను అదే తప్పు మరల పుట్టుచున్నది.

నేలమీఁది త్రిభుజము విషయమునను ఇదే న్యాయము. త్రిభుజమున ఒక భుజమును, కోణములును తెలిసినచోఁ దక్కిన భుజములు ఎదుటి కోణముల సైనుల నిష్పత్తినిబట్టి తెలియును. ఏడున్నరమైళ్ల భూమిరేఖ యొకటి కొలిచితి మనుకొందము. దాని యొక చివర దూరపు కొండ లంబకోణమునఁ గనఁబడి, కొండమీఁద ఆ రేఖ ముప్పది డిగ్రీల కోణము చేసినయెడల, రెండవ చివరనుండి కొండకు దూరము సరిగా దానికి రెట్టింపు, పదునైదు మైళ్లు. నడుమ నున్న యేఱులును, అడవులును, పులులును లెక్కకు అడ్డురావు. ఆ పదునైదు మైళ్ల గీఁత తరువాతి త్రిభుజమునకు ఆధారమగును. అది దానితరువాతి దానికి. ఈ విధముగా గొలుసుకట్టుగా సాగును.

అయితే ఇందులోనే యొక భయము దాఁగియున్నది. మొదటి రేఖలో తప్పు జరిగినచో అదియు అదే నిష్పత్తిలో దేశమంతటను వ్యాపించును. ఏడున్నర మైళ్లలో ఒక్క యంగుళము తప్పినచో ఏడువందల యాఁబది మైళ్లలో నూరంగుళములు తప్పును. లాంబ్టన్ జాగ్రత్తయంతయు ఈ యొక్క భయమునుండియే పుట్టినది. 1802 ఏప్రిలునందు మదరాసు దగ్గరి సెంటుతామసు కొండకు సమీపమున ఏడున్నర మైళ్ల రేఖను కొలువ నారంభించెను. ఆయన గొలుసు నూరడుగుల యుక్కుగొలుసు. రెండున్నర యడుగుల లంకెలు నలువది. బ్రిటిషు రాయబారులు చీనాచక్రవర్తికి కానుకగాఁ గొనిపోయిన వస్తువులలో నది యొకటి. చక్రవర్తి అంగీకరింపకపోఁగా తిరుగుదారిని కలకత్తా చేరి, తుదకు ఈయన చేతఁ బడినది. ఒక చక్రవర్తికి పనికిరాని వస్తువు ఎంత పనికి వచ్చెనో చూడుఁడు.

ఉక్కు ఎండకు సాగును. నూరడుగుల యుక్కుగొలుసు ఫారన్‌హీటు డిగ్రీ యొక్కింటికి అంగుళములో సుమారు 0.0074 వంతు పెరుగును. ఇది వెండ్రుకవంటి లెక్కగాఁ దోఁచును. కాని ఆ రేఖలో గొలుసు నాలుగువందలమార్లు పరచవలెను. నాలుగువందలచే గుణించినచో, ఒక్కడిగ్రీ వేఁడిమిని లెక్కింపక విడిచిన మూఁడంగుళముల తప్పు. మదరాసు వేసవిలో ఉదయమునకును మధ్యాహ్నమునకును ఒక్కడిగ్రీయా భేదము? కావుననే గొలుసును కొయ్యపెట్టెలలో పరచి, పైన డేరాల నీడ కల్పించి, ప్రక్కన ఉష్ణమాపకములుంచి, ప్రతి పరుపునకును వేఁడిమిని వ్రాసికొనిరి. ఏడున్నరమైళ్లు నడచుటకు మన పిల్లలకు రెండున్నర గంటలు చాలును. ఆయనకు ఆఱువారములు పట్టెను.

కోణములు కొలుచుటకు ఇంగ్లాండులో కేరీ యనునతఁడు నిర్మించిన మహాథియొడొలైటు వచ్చెను. దాని వలయము మూఁడడుగుల వెడల్పు, బరువు అరటన్ను. దానిఁ దెచ్చుచున్న యోడను ఫ్రెంచివారు పట్టుకొని మారిషస్ ద్వీపమునకుఁ గొనిపోయిరి. అచ్చటి అధికారి అది యుద్ధపరికరము గాదనియు శాస్త్రసాధనమనియుఁ దెలిసికొని గౌరవముతో మదరాసునకుఁ బంపించెను. రెండు రాజ్యములు పోరాడుకొనుచున్న దినములలో ఇట్టి మర్యాద జరిగినదని వ్రాయుట మాకు సంతోషము.

1804లో త్రిభుజముల వరుస బెంగుళూరు చేరినప్పుడు పరీక్ష వచ్చెను. మదరాసు రేఖనుండి లెక్కగట్టుచు వచ్చిన ఫలముచేత బెంగుళూరి రేఖయొక్క నిడివి యింతయని ముందే తేల్చి, పిదప ఆ రేఖను గొలుసుతో నిజముగాఁ గొలిచిరి. ఏడుమైళ్లకు పైఁబడిన ఆ రేఖలో లెక్కకును కొలతకును వచ్చిన భేదము నాలుగంగుళములకు లోపు. అంగుళమునకు మైలు చొప్పున వ్రాసిన పటమున నాలుగంగుళముల నేల యెంత యగునో త్రైరాశికము చేసి చూడుఁడు. మైలునకు 63,360 అంగుళములు గనుక, ఆ తప్పు పటముమీఁద అంగుళములో 15,840వ వంతు. అంత సన్నని గీఁతను గీయఁగల కలము లేదు.

మదరాసునుండి మంగళూరువఱకు వల పూర్తియైన పిమ్మట వింత యొకటి బయటపడెను. ఆ తావున ద్వీపకల్పము 400 మైళ్ల వెడల్పని పూర్వపటములు చెప్పుచుండెను. నిజమునకు 360 మైళ్లే. అంగుళమునకు 16 మైళ్ల స్కేలున గల పటమున ఇది యిరువదియైదంగుళములు కావలసినదో, ఇరువదిరెండున్నర కావలసినదో యను భేదము. యుద్ధము లేకుండ, ఒక్క తుపాకి పేలకుండ కుంపిణీవారి రాజ్యము నలువది మైళ్లు కుఱుచయైనది. నేల యెక్కడికిని పోలేదు. కాగితమే తప్పు చెప్పుచుండెను. అయినను లాంబ్టన్ పనివలన లాభమేమని యడుగుచుండిన నోళ్లు కొన్ని అప్పుడు మూఁతపడెను.

తరువాత ఆయన వల దక్షిణోత్తరములుగాఁ బాఱెను. తూర్పు డెబ్బదియెనిమిదవ రేఖాంశము చెంత కన్యాకుమారి ప్రాంతమునుండి పైకి సాగిన ఆ వరుసకే మహాచాపమని పేరు. దాని ఉద్దేశము దేశపటము మాత్రమే కాదు, భూగోళమునే కొలుచుట. ఇదియు త్రైరాశికమే. రెండు తావులలో నక్షత్రముల యెత్తును జూచి, వాని నడుమ అక్షాంశములెన్నియో కనుగొని, ఆ తావుల దూరమును త్రిభుజములచేఁ దెలిసికొన్నచో, ఒక డిగ్రీకి నేలమీఁద ఎంత దూరమో తెలియును. అది సుమారు 69 మైళ్లు. దానిని 360 చేత గుణింపుఁడు: 24,840. మన భూమిచుట్టుకొలత దాదాపుగా వచ్చినది. ధ్రువములవైపున డిగ్రీ నిడివి కొంచెము హెచ్చుచుండుటచేత, అన్నిచోట్లను విడిగాఁ గొలిచి పోల్చవలసి వచ్చినది. ఆ హెచ్చునుబట్టియే భూమి బల్లపఱుపైన చోటెంతయో తేలును.

తంజావూరు సీమ కావేరీ మాగాణి. గుట్ట యన్నది లేదు, తోఁపులు దట్టము. అందుచే 1808లో ఆ మహాయంత్రమును దేవాలయ గోపురముమీఁదికి ఎక్కింపఁబూనిరి. త్రాడు తెగెను. యంత్రము గోడకుఁ గొట్టుకొని దాని వలయము వంకరపోయెను. వేఱొకఁడైన సెలవు పెట్టి స్వదేశము చేరియుండును. లాంబ్టన్ మాత్రము ఆ యంత్రముతోఁ దిరుచునాపల్లి చేరి, డేరాలోఁ దలుపుమూసికొన్నట్లు కూర్చుండి, చీలలతోను మరలతోను కప్పీలతోను ఆ వలయమును ఆవగింజంత ఆవగింజంతగాఁ బూర్వపు టాకృతికి లాగెను. ఆఱువారములు! ఆఱు వారములు కొలిచినవాఁడే ఆఱువారములు మరమ్మతును చేసెను. ఆ యంత్రము ఆ తరువాతను చాలకాలము పనిచేసినది. నేలనుండి లేచుటకు వీలులేని నష్టములని మనము చెప్పుకొనునవి కొన్నింటికి ఆఱువారముల ఓపిక చాలునేమో యని మాకు తోఁచును; అందఱకును చాలునని మాత్రము అనజాలము.

1811లో మన గుత్తియొద్ద నొక రేఖయు, 1815లో బీదరు సీమయందలి దామరగిద్దయొద్ద నొక రేఖయుఁ గొలిచి, వల తెలుఁగునేలను దాటి యుత్తరమునకుఁ బోయెను. ఈ పరిశ్రమలో ఆయనకు సహాయులు మదరాసు సర్వే పాఠశాలలో చిన్ననాఁడే చేరి చదివిన పిల్లలు. వారిలో జాషువా డి పెన్నింగ్ పేరు కొందఱెఱుఁగుదురు. కాని కొండకొమ్ములెక్కి జెండాలు పట్టినవారు, గొలుసు మోసినవారు, దీపములు చూపినవారు, యంత్రపు పెట్టెలను భుజములమీఁద మోసినవారు వేలకొలఁది. వారి పేర్లు పటములోను లేవు, పుస్తకములోను లేవు. 1818లో ఈ సర్వే కలకత్తా ప్రభుత్వమునకు లోఁబడి మహాత్రికోణమితి సర్వే యని పేరొందెను. ఆ యేఁటనే జార్జి ఎవరెస్టు సహాయుఁడుగా హైదరాబాదు చేరెను. మఱుసటియేఁట ఎవరెస్టు కృష్ణాగోదావరుల నడిమి యడవులలో వానకాలమునఁ బనిచేయఁగా, శిబిరములోని నూటయాఁబదిమంది వఱకును జ్వరమునఁ బడిరి. హైదరాబాదు చేరులోపల సుమారు పదునైదుగురు చనిపోయిరి. పటములోని గోదావరి నీలిగీఁత వెనుక ఈ చావులున్నవి. ఈ సర్వే రాజ్యమును పట్టుకొనుటకును, పన్నులు వసూలు చేయుటకును ఉపకరించినదనుటయు సత్యమే. దానిని మఱుగుపఱచి లాంబ్టనును పొగడుట మాకు సమ్మతము కాదు. కాని కొలత నిజమైనది గనుక, రాజ్యము పోయిన పిమ్మటను ఆ కొలత మనకు మిగిలినది.

1817లో లండను రాయలు సొసైటీవారు ఆయనను సభ్యునిగాఁ జేర్చుకొనిరి. ఫ్రాన్సుదేశపు శాస్త్రపరిషత్తువారును గౌరవించిరి. ఆయన కొలిపించిన దేశము మొత్తము సుమారు 1,65,000 చదరపు మైళ్లు. ఇచ్చట విద్యార్థులకు మఱియొక లెక్క. అంగుళమునకు 16 మైళ్ల పటమున ఈ దేశము ఎంత కాగితము నాక్రమించును? మేమొక తరగతిలో నడుగఁగా చాలమంది పదాఱుచే భాగించి, పదివేల చదరపుటంగుళములకు పైగాఁ జెప్పిరి. అంత కాగితము ఎనిమిదిన్నర యడుగుల నిడివియు, అంతే వెడల్పును గలిగి మా గోడకుఁ బట్టదు. పొడవు పదాఱింతలు తగ్గినచో వైశాల్యము పదాఱు పదాఱులు, అనఁగా 256 ఇంతలు తగ్గును. 256 చే భాగించిన 645 చదరపుటంగుళములు. ఇరువదియైదున్నర యంగుళముల చదరము. గోడకుఁ జక్కఁగాఁ బట్టును. జవాబు వచ్చిన పిమ్మట గోడవైపు ఒక్కమారు చూచిన బాలిక యొకతె తన తప్పు తానే దిద్దుకొన్నది.

వయస్సు డెబ్బదియగుచున్నను, దగ్గు బాధించుచున్నను లాంబ్టన్ పని మానలేదు. కార్యస్థానమును హైదరాబాదునుండి నాగపురమునకు మార్చఁదలఁచి 1822 చివర బయలుదేరెను. నాగపురము చేరలేదు. 1823 జనవరిలో హింగన్‌ఘాట్ అను ఊర డేరాలోఁ బ్రాణము విడిచెను. అచ్చటనే సమాధి చేసిరి. మహాచాపమును ఎవరెస్టు హిమాలయపు పాదములవఱకుఁ గొనిపోయెను. ఆ వలనుండి కట్టిన లెక్కలచేతనే, రాధానాథ సిక్దారు మొదలగువారి గణనముచేత, లోకములో నెల్ల నెత్తయిన శిఖరమేదో తెలిసి, 1856లో ప్రకటింపఁబడెను. దానికి ఎవరెస్టు పేరు పెట్టిరి. మొదటి గొలుసు పరచినవాని పేరు ఆ శిఖరమునకుఁ బెట్టలేదు.

ఆయన సమాధిని పటముమీఁదఁ జూడఁగోరువారు పదిలక్షలకు ఒకటి స్కేలుగల పటమును దీసికొని, హైదరాబాదుమీఁద గీఁతబద్ద పెట్టి, నిట్టనిలువుగా పైకి, కొంచెము కుడివైపునకు ఒరగించి, 35 సెంటీమీటర్లు కొలువవలెను. మహారాష్ట్రమున వార్ధా జిల్లాలో హింగన్‌ఘాట్ కనఁబడును. నేలమీఁద ఎన్ని కిలోమీటర్లో విద్యార్థులే తేల్చి, తమ ఇంటివారికిఁ జెప్పుదురుగాక.